అద్దపు పలక

మార్కాపురము పేరు చెప్పినంతనే మునుపటి తరమువారి తలపునకు మొదట వచ్చునది పలక. ఆ పట్టణము చుట్టుపట్ల భూమిలో దొరకు నల్లరాతిని పొరలు పొరలుగా చీల్చి, నునుపుచేసి, చుట్టును కఱ్ఱచట్రము బిగించి పంపగా, ఎన్నెన్నో యూళ్ళలో పిల్లలు దానిపై ఓనమాలు దిద్దిరి. ఆ రాతికి ఋణపడిన యిండ్లు తెలుగుదేశమున లెక్కకు మిక్కిలి. నేడు ఆ మార్కాపురములోను, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము, పొదిలి మొదలగు తావులలోను పిల్లవాని చేతికి వచ్చిన పలక వేఱు. అది అద్దపు పలక. దానిపై వ్రాత లేదు, ఆట యున్నది. ఆ యాట పుస్తకము మూయగానే మొదలై, ఇంటిలో దీపము లాఱిన తరువాత దుప్పటి మాటున సాగుచున్నది.

ఫోనులోని యాటలను గూర్చి మాట వచ్చినపుడెల్ల, "కాలము మాఱినది, పిల్లలు చెడిపోయిరి" అని పెద్దలు నిట్టూర్చుట వినుచున్నాము. ఆ నిట్టూర్పుతో మాకు పొత్తు లేదు. పిల్లలు చెడిపోలేదు. పిల్లలను బేరమునకు పెట్టిన వ్యాపారమును చూచియు చూడనట్లున్న పెద్దల వివేకమే చెడినది. ఈ వ్యాసమున మేము స్థాపింపదలచినది ఇంతియే: ఈ యాటలలో పెక్కింటిని వినోదములుగా గాక వర్తకములుగా నెంచవలెను, ఆ వర్తకమున సరకు మన బిడ్డల కాలము, దానిని అరికట్టు భారము ప్రభుత్వముమీద కొంతయు, మన యిండ్లమీద అంతకు మించియు నున్నది.

పలకల ప్రసంగము తెచ్చితిమి కావున, అందలి చేదు నిజమును కూడ చెప్పవలెను. ఇతరుల బిడ్డలు వ్రాసికొనుటకు పలకలు సిద్ధము చేసినవారిలో మార్కాపురపు పేదల బిడ్డలును ఉండిరి. బడిలో నుండవలసిన వయస్సున వారు రాతిదుమ్ములో కూర్చుండిరి. భారత ప్రభుత్వము 1987లో బాలకార్మికులను గూర్చి జాతీయ విధానమును ప్రకటించి, మఱుసటి సంవత్సరము తొమ్మిది చోట్ల ప్రత్యేక ప్రణాళికలను మొదలుపెట్టినపుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజులు, మీర్జాపురము తివాచీలు మొదలగువానితోపాటు మార్కాపురపు పలకల పరిశ్రమయు ఆ పట్టికలో చేరినది. చేయు పలకపై ఒక్క యక్షరమైన వ్రాయనేరని బాలుని చూచి దేశము సిగ్గుపడిన కాలమది. పేదవాని బిడ్డ పనిచేయక తప్పునా యని వాదించు పెద్దమనుష్యులకు ఆనాడును కొఱత లేదు. ఆ వాదమును త్రోసిపుచ్చినవారు సంస్కర్తలు.

నేటి యాటలో మునిగిన బిడ్డ కూడ ఎవరికో పనిచేయుచున్నాడని చెప్పిన నవ్వుదురేమో. కాని యోచింపుడు. వాడు చూచిన ప్రకటనలకు వెల వేఱొకరికి ముట్టుచున్నది. వాడెంతసేపు నిలిచెను, ఎక్కడ విసిగెను, దేనికి ఆశపడెను అను లెక్క వేఱొకరి ఖాతాలో చేరుచున్నది. వాడు కూర్చుండుటవలననే, డబ్బు వెచ్చించి ఆడువారికి ఎదురాడువాడు దొరకుచున్నాడు. రాతిదుమ్ములోని బిడ్డకు సాయంకాలమునకు నాలుగు కాసులైన చేతికి వచ్చెడివి. ఈ బిడ్డకు దక్కునది కన్నుల మంటయు, మఱునాడు బడిలో కునుకుపాటును.

ఈ యలవాటు వచ్చిన త్రోవ తెలియనిదే మందు దొరకదు. 2016 సెప్టెంబరులో జియో సంస్థ రంగమున దిగిన పిమ్మట దేశమంతట ఇంటర్నెట్టు వెల పడిపోయినది. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడగా పాఠము ఫోనులోనికి వచ్చినది. పాఠముకొఱకని అప్పుచేసి కొన్న ఫోను, బడులు తెఱచిన తరువాతను పిల్లవాని చేతనే నిలిచిపోయినది. ఇది దేశమంతటి కథ. పశ్చిమ ప్రకాశమునకు దీనిపై మఱియొక కష్టము కలదు. 1970లో కర్నూలు జిల్లానుండి విడదీసి క్రొత్త జిల్లాలో చేర్చిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కఱవునకు అలవాటుపడిన సీమలు. శ్రీశైలపు నీటిని నల్లమల కొండలను తొలిచి తెచ్చు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆనాడు తొట్టెలోనున్న బిడ్డ నేడు తన బిడ్డను తొట్టెలో నూపుచున్నాడు. వాన లేని యేట తల్లిదండ్రులు గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకో, హైదరాబాదు, బెంగుళూరు నగరములకు కట్టడపు పనులకో పోవుదురు. పిల్లలు అవ్వతాతల యొద్ద నుందురు. తల్లి గొంతు వినుటకు ఇంటిలో ఒక ఫోను ఉండి తీఱవలెను. పగలంతయు అది పిల్లవాని చేతిలోనిదే. అవ్వకు అందులో నేమున్నదో తెలియదు. మనుమడు ఎండలో తిరుగక, చెఱువువైపు పోక, కంటియెదుట కూర్చున్నాడు గదా యని సంతోషించును. ఈ యవ్వను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. ఆమె నమ్మకముపై వ్యాపారము చేయువారిని గూర్చియే మా ఫిర్యాదు.

"మేమాడలేదా? పులిజూదము, అష్టాచెమ్మ, వామనగుంటలు, గోలీలు, కఱ్ఱాబిళ్ళ యివన్నియు ఆటలు గావా?" అని కొందఱు అడుగుచున్నారు. ఆడితిమి, ఆడవలసినదే. ఆటలేని బాల్యమును మేము కోరము. కాని గుడి మండపపు రాతిపై గీచిన పులిజూదపు గడులు అర్ధరాత్రి మనలను మేల్కొలిపి పిలిచెనా? "నేడు రాకున్న నీకు రావలసిన కానుక పోవును" అని బెదరించెనా? పులులు కదలలేక చిక్కుపడగానే ఆట ముగిసెడిది. ప్రొద్దు గ్రుంకగానే గోలీలు జేబులోనికి పోయెడివి. ఎదుటివాడు అలిగిన బుజ్జగింపవలసివచ్చెడిది. దొంగాట యాడిన నలుగురును పట్టుకొనెడివారు. ఓర్పు, మాట నిలుపుకొనుట, ఓడియు నవ్వుట అనునవి ఆ యాటలలో పిల్లలకు తెలియకుండనే అబ్బెడివి. ఫోనులోని యాటను కట్టినవాని నేర్పంతయు దానికి ముగింపు లేకుండ చేయుటలో నున్నది.

ఆ నేర్పు వెనుక శాస్త్రము కలదు. అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నరు (1904–1990) పావురములను పెట్టెలో నుంచి పరీక్షలు చేసెను. ముక్కుతో పొడిచిన ప్రతిసారియు గింజ పడునట్లు చేసి, పిదప గింజను ఆపివేసిన, పావురము త్వరలోనే పొడుచుట మానును. ఎన్ని పోట్లకు గింజ పడునో తెలియకుండునట్లు ఏర్పఱచిన, పావురము వేగముగా పొడుచుచునే యుండును; గింజ రాకపోయినను చాలకాలము విడువదు. జూదపు యంత్రములు పనిచేయు సూత్రమిదియే. ఫోను ఆటలలో పెక్కింటియందు తెఱచువఱకు లోననేమున్నదో తెలియని పెట్టెలు, దినదినము పెరుగు కానుకలు, నేటితో ముగియునని తొందరపెట్టు బేరములు ఇవన్నియు ఆ గింజలే. అట్టి పెట్టెలను డబ్బునకమ్ముట జూదమేయని బెల్జియము దేశము 2018లో నిర్ణయించినది. చైనాదేశము 2021లో పదునెనిమిదేండ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారములలోను సెలవు దినములలోను రాత్రి ఎనిమిదినుండి తొమ్మిదివఱకు మాత్రమే ఆన్‌లైను ఆటలు అనుమతించినది. అంతటి కాఠిన్యము మన దేశమునకు తగునా యనునది వేఱు ప్రశ్న. వ్యాధి కలదని మాత్రము ఎల్లరును ఒప్పుకొనుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మేలో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలునకు తెచ్చిన రోగముల వర్గీకరణలో ఆటల వ్యసనమును చేర్చినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకపోవుట దాని లక్షణములు. ఆడు ప్రతి బిడ్డయు రోగి కాడు, అట్లనుట అన్యాయము. కాని ఏ బిడ్డ రోగి యగునో ముందుగా చెప్పగలవారు లేరు.

ఇక డబ్బు పెట్టి ఆడు ఆటల సంగతి. ఇది బిడ్డలది గాదు, తండ్రులది. "రమ్మీ జూదము గాదు, నేర్పు" అను మాటకు తెలుగుదేశముననే పుట్టుక కలదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై వచ్చిన వ్యాజ్యెములో 1967 నవంబరున సుప్రీముకోర్టు, ముక్కలు జ్ఞాపకముంచుకొని పేర్చవలసియున్నందున రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడినదని తీర్పు చెప్పినది. అదే తీర్పులో, ఇల్లుగలవాడు పందెపుటాటనుండి లాభము గడించినచో అది నేరము కావచ్చునని కూడ నున్నది. వర్తకులు మొదటి మాటను చాటిరి. రెండవ మాటను మఱచిరి.

ఆ లాభమెట్టిదో ఒక చిన్న లెక్క వేసి చూడుడు. ఐదుగురు తలా నూఱు రూపాయలు తెచ్చి కూర్చున్నారనుకొందము. చేరిన సొమ్ములో ప్రతి యాటకు పదవ వంతు ఆట నడుపువాడు తీసికొనును. మొదటి యాటకు 500 కాస్త 450 అగును, రెండవదానికి 405. గెలిచినవారు తిరిగి పెట్టుచు పోయినచో పది యాటలు ముగియునప్పటికి బల్లపై మిగులునది సుమారు 174 రూపాయలు. ఐదుగురిలో నేర్పరి యెవడైన కానిండు, 326 రూపాయలు నేర్పుతో పనిలేనివాని యింటికి చేరినవి. ఈ యాటలో ఎన్నడును ఓడనివాడు ఆడనివాడొక్కడే.

ప్రభుత్వములు ఈ మర్మమును మెల్లగానైన గ్రహించినవి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశము 2020 సెప్టెంబరులోను 1974 నాటి జూద నిషేధ చట్టములను సవరించి డబ్బుతో ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించినవి. కేంద్రమా, 2023 అక్టోబరు 1 నుండి వానిపై నూటికి 28 వంతున పన్ను వేసి, కల్లుపాకలపై ఆదాయము తీయు పాతత్రోవనే త్రొక్కినది. అయినను 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పుతో కూడినదైనను అదృష్టముతో కూడినదైనను డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆట నడుపుట నేరమని చట్టము చేసినది. ఆ నెల 22వ తేదీన రాష్ట్రపతి దానిని ఆమోదించిరి. నడుపువారికి మూడేండ్ల వఱకు ఖైదు, కోటి రూపాయల వఱకు జుల్మానా. ప్రకటించువారికి రెండేండ్లు, ఏబది లక్షలు. ఆడినవానిని శిక్షింపక, మోసపోయినవానిగా నెంచుట ఆ చట్టములోని మంచి గుణము. ఏటేట నలువదియైదు కోట్ల జనులు సుమారు ఇరువదివేల కోట్ల రూపాయలు ఈ యాటలలో పోగొట్టుకొనుచున్నారని ప్రభుత్వమువారే ఆనాడు అంచనా చెప్పిరి. పేరుమోసిన సంస్థలు వెంటనే డబ్బాటలను నిలిపివేసినవి. పన్నును వదలుకొని ప్రజలను నిలుపుకొనిన ఈ పనికి మేము సంతోషించుచున్నాము.

కాని "చట్టము వచ్చినది గదా, ఇక మనకేమి పని?" అని నిద్రించువారిని చూడ భయమగుచున్నది. బాల్యవివాహములకు 1929లోనే శారదా చట్టము వచ్చినది; పెండ్లిపందిళ్ళు ఆగినవా? చట్టము తలుపునకు గడియ వంటిది. వేయువారు ఇంటిలో నుండవలెను. దొంగచాటు పందెపు యాపులు విదేశములనుండి నడచుచున్నవి. ఒకటి మూసిన మఱియొకటి పేరు మార్చుకొని వచ్చును. 2025 మార్చిలో హైదరాబాదు ప్రాంతపు పోలీసులు అట్టి యాపులను ప్రకటించిన నటీనటులపైన, ఇంటర్నెట్టులో పేరుపడిన వారిపైన కేసులు పెట్టవలసివచ్చినది. అదియునుగాక, డబ్బు గెలుచు ఆశ చూపక, డబ్బు వెచ్చించు ఆశ మాత్రము చూపు ఆటలు ఈ చట్టమునకు అందవు. పిల్లలాడునవి ఎక్కువగా ఇవియే. 2020 సెప్టెంబరులో పబ్జీని దేశభద్రతా కారణముల చేత నిషేధించిరి. 2021లో అది వేఱు పేరుతో తిరిగివచ్చినది. పిల్లవాని నిద్రను కాపాడుటకై ఆ నిషేధము పుట్టలేదు. కావున వాని నిద్ర తిరిగి రాలేదు.

మఱికొందఱు, "ఇదియు నొక క్రీడయే, ఆసియా క్రీడలలో కూడ చేర్చిరి" అనుచున్నారు. నిజమే, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో వీనికి పతకము లిచ్చిరి. అభ్యాసము, గురువు, నియమము, విశ్రాంతి గల యే క్రీడకును మేము శత్రువులము గాము. పతకము తెచ్చువాడొకడని చెప్పి పరీక్షపోయిన వేయిమందిని మఱుగుపఱచు వాదమునకు మాత్రమే శత్రువులము. ఊరిలో ఒకడు సినిమా నటుడైనాడని పిల్లలందఱిని బడి మాన్పించు తండ్రి యుండునా?

ఇప్పుడు చదువరులను సూటిగా అడుగుచున్నాము, కోపగింపవలదు. బిడ్డను మందలించు తండ్రి చేతిలో ఆ క్షణమున నేమున్నది? భోజనపు పీటమీద కూర్చుండి ఎడమచేత అద్దమును రాచుచు, "ఫోను చూడకురా" అను తండ్రి మాటకు విలువ యెంత? భార్య నగలు తాకట్టుపెట్టి, ఆ సొమ్ము క్రికెట్టు పందెములలో కలిపి, "వ్యాపారములో నష్టము" అని చెప్పు విద్యావంతులు మన వీథులలో లేరా? ధర్మరాజు పాచికలాడి ఓడినపుడు సభకు ఈడువబడినది ద్రౌపది. నేటికిని జూదమాడునది ఒకరు, ఈడువబడునది మఱియొకరు. అప్పులవాడు తలుపు తట్టినపుడు ఎదురుపోవునది ఇల్లాలు. కాలేజీ రుసుము లేక చదువు మానునది కూతురు.

కూతురి మాట వచ్చినది కావున మఱియొక యన్యాయమును చెప్పవలసియున్నది. ఫోను చెడ్డదని తెలియగానే మన యిండ్లలో మొదట ఎవరి చేతినుండి లాగుకొనుచున్నారు? ఆటలో తెల్లవార్లు మేల్కొన్న కొడుకు చేతినుండి గాదు. పాఠము చూచుకొనుచున్న కూతురి చేతినుండి. ఆమె ఎవరితో మాటలాడుచున్నదో యను అనుమానమునకు ఆటల భయము ముసుగగుచున్నది. ఈ వ్యాసమును చదివి కొడుకు నట్లే యుంచి, ఆడుబిడ్డ ఫోనును పెట్టెలో బెట్టి తాళము వేయువారుందురేని, వారు మమ్ము చదువలేదనియే మేము తలంతుము.

ఇక చేయదగిన పనులు. మొదటిది, ఫోను ఇంటిదిగాని బిడ్డది గాదని నియమము పెట్టుకొనుట. రాత్రి ఒక వేళకు ఇంటిలోని ఫోనులన్నియు ఒక గూటిలో చేరవలెను. పెద్దవారివి మొదట చేరవలెను. రెండవది, పిల్లవాడు ముట్టు ఫోనులో బ్యాంకు ఖాతాను ముడిపెట్టకుండుట. పెట్టినచో రహస్యసంఖ్యను బిడ్డకు తెలుపకుండుట. మూడవది, ఊరి బడి ఆటస్థలమును సాయంకాలము బాలురకును బాలికలకును తెఱచియుంచుట. ఆడుకొనుటకు తావు లేని బిడ్డను ఆడవద్దనుట క్రౌర్యము. నాలుగవది, గ్రంథాలయము. 1914లో బెజవాడలో తెలుగువారు గ్రంథాలయ సంఘమును స్థాపించి ఊరూర పుస్తకములు పంచిరి. నేడు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను చెల్లించుచు, మన ఊరి గ్రంథాలయము తలుపు ఏ వేళకు తెఱతురో యెఱుగము. అడుగుట మన హక్కు. ఐదవది, వలసపోయినవారి బిడ్డలు. ఉపాధ్యాయులు నెలకొకసారి అవ్వతాతలను బడికి పిలిచి, ఫోనులో ఆటను ఎట్లు ఆపవచ్చునో తెలుగున, చేతితో చూపి నేర్పవలెను. అరగంట పని యది.

చివరిది అన్నిటికంటె ముఖ్యము. ఆటలో అప్పుపడినవానిని వెలివేయకుడు. సిగ్గునకు వెఱచి అప్పుపై అప్పు చేసి, తుదకు ప్రాణమునే తీసికొనువారిని గూర్చి పత్రికలలో చదువుచున్నాము. వారిని చంపినది అప్పొక్కటియే గాదు. ఇంటిలో చెప్పుకొన వీలులేని భయము కూడ. మనస్సు కలతపడినవారికి ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానసు సంఖ్య 14416. ఆన్‌లైను మోసమున డబ్బు పోయినచో పిలువవలసినది 1930. ఈ రెండు సంఖ్యలను గోడమీద వ్రాసియుంచుడు. "ఎంత పోయినను ఇంటికి రా" అను మాటను మీ బిడ్డలు మీ నోట ముందుగానే వినియుండవలెను.

రాతిదుమ్ములోని బిడ్డను బడికి తెచ్చుటకు చట్టమును, సొమ్మును, ఇల్లిల్లు తిరుగు మనుష్యులును కావలసివచ్చిరి. అద్దము ముందరి బిడ్డను తెచ్చుటకు అంత దూరము పోనక్కఱలేదు. వాడు మన యింటిలోనే, ప్రక్కగదిలో నున్నాడు. కావలసినది మన చేతిలోనిదానిని మనము క్రిందపెట్టి, లేచి ఆ గదిలోనికి పోవుట. చదువరులు ఈ పత్రికను మూయగానే ఆ పని చేయుదురుగాక.